పాతకోట నీడలో జంతుశాల



ఢిల్లీలో కాపురముండు తెలుగు కుటుంబమునకు ఊరినుండి చుట్టములు వచ్చినచో చూపవలసినవి చాల కలవు. కుతుబ్ మీనారు, ఎఱ్ఱకోట, బిర్లా మందిరము అయిన పిమ్మట పిల్లలు అడుగునది ఒకటే: జూ ఎప్పుడు? కనుక ఈ నగరవాసి తనకై కాక చుట్టముల నెపముననే దానిని పదిమార్లు చూచియుండును. చూచిన ప్రతిసారి అది వేరుగా కనబడినది.

1959 నవంబరు 1వ తేదీన పాతకోట గోడల ప్రక్కన ఈ జంతుశాలను తెరచిరి. 1982లో దానికి జాతీయ జంతుశాల యని పేరు మార్చిరి. సింహళ జంతుశాలాధిపతి వైన్‌మన్ తొలి ఆలోచన చెప్పగా, హాంబర్గు నగరపు హాగెన్‌బెక్ వంశీయుడు పథకము గీచెను. ఇనుపచువ్వలకు బదులు కందకములు, అదియే ఆనాటి క్రొత్తదనము. చువ్వల చాటున లేని పులిని తొలిసారి చూచినవాడు ఒక అడుగు వెనుకకు వేయుట సహజమే.

ఆ దినములలో జనమును ఆకర్షించినది తెల్లపులి. 1951లో రీవా మహారాజు మార్తాండ సింగు పట్టించిన మోహన్ అను పులి సంతానమగు రాజా, రాణి ఢిల్లీకి వచ్చినవి. వాని తోబుట్టువు మోహిని 1960లో వాషింగ్టనుకు పోయినది. ఇది వేరొక జాతి యని, ప్రకృతి వింత యని చూపరులు తలచిరి. తండ్రికి కూతురితో జతకట్టించి ఆ రంగును నిలిపిరని తలచినవారు అరుదు. ఒక్క జన్యువులోని స్వల్పమైన మార్పే దీనికి కారణమని 2013లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆ రంగుతోపాటు మెల్లకన్నును తరచుగా సంక్రమించును. ఇంత తెలిసియు నగరవాసి చుట్టములను మొదట అచ్చటికే తీసికొనిపోవుచున్నాడు!

ఎవరును తెచ్చిపెట్టని ప్రదర్శన మరియొకటి కలదు. 1960 మొదలుకొని అడవి కొంగలు తమంతట తామే వచ్చి, ఇచ్చటి కొలనులలోని చెట్లపై గూళ్లు కట్టుచు వచ్చినవి. మనవారు ఎఱ్ఱకాళ్ల కొంగ లందురు. వానలు వెనుకబడువేళకు వచ్చును. యమునలో చేపలు పట్టి పిల్లలకు పెట్టును. పిల్లలు ఎగురనేర్చిన పిదప వెడలిపోవును. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురము, అనంతపురము ప్రాంతపు వీరాపురము ఎఱిగినవారికి ఇవి పాతచుట్టములే. అచ్చటివారు వీనిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులవలె చూచుకొందురు. సైబీరియానుండి వచ్చునని చెప్పుకొందురు గాని, ఇది ఈ దేశపు పక్షియే. టిక్కెట్టు కొని పులికై పరుగెత్తువారు తల యెత్తి వీనిని చూచుట తక్కువ.

తెచ్చిపెట్టిన వానిలో శంకర్ కథ వేరు. జింబాబ్వే దేశము రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మగారికి కానుకగా పంపిన ఆఫ్రికా ఏనుగు గున్న అది. 1990 దశకము చివర ఆడ గున్నతో కలసి వచ్చినది. తోడు కొన్ని ఏండ్లకే మరణించినది. పిమ్మట సుమారు రెండు దశాబ్దములు తనజాతి ఏనుగు మరియొకటి లేక శంకర్ ఒంటరిగా నిలిచినది. చెవుల వెడల్పు చూచి పిల్లలు చప్పట్లు కొట్టిరి. దాని తల ఊపులాట ఆనందమువలన కాదని గ్రహించినవారు కొందరు న్యాయస్థానము వరకు వెళ్లిరి. 2024లో ప్రపంచ జంతుశాలల సంఘము ఢిల్లీ సభ్యత్వమును నిలిపివేసెను. కానుక ఇచ్చువారు, పుచ్చుకొనువారు ఎంత మర్యాదగా నడచుకొన్నను, మందలో పెరుగవలసిన ప్రాణి మందలేక పెరిగినది.

2025 ఆగస్టు చివర ఎఱ్ఱకాళ్ల కొంగలు కొన్ని మరణింపగా, పక్షిజ్వరమని తేలి జంతుశాల ద్వారములు మూసిరి. ఆ మూతలోనే, సెప్టెంబరు నెలలో, చూడవచ్చినవా రెవ్వరును లేనివేళ శంకర్ ప్రాణము విడిచెను.