దగ్గరి ఆసుపత్రిని దాటిపోకండి



మీ మనిషి లోపల మంచం మీద ఉంటే, మీరు ఈ వరండాలో చాప పరచుకొని కూర్చొని ఉన్నారు. గంగవరం, పుంగనూరు, కుప్పం పల్లెల నుంచి వచ్చే మీలాంటి వారిని ఇరవై ఏళ్లకు పైగా చూస్తున్నాను. మీరు నన్ను తరచుగా అడిగే మాట ఒకటే: "సిస్టరమ్మా, ప్రతిదానికీ వేలూరో తిరుపతో బెంగళూరో పోవాల్సిందేనా? మాకేనా ఈ తిప్పలు?"

ఈ తిప్పలు మీ తప్పు వల్ల వచ్చినవి కావు. మైదాన ప్రాంతంలో 5 వేల మందికి ఒక ఉపకేంద్రం, 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని ప్రభుత్వ లెక్క. లక్షా 20 వేల మందికి ఒక పెద్ద కేంద్రం, అందులో ఆపరేషన్ల డాక్టరు, కాన్పుల డాక్టరు, పిల్లల డాక్టరు, పెద్ద జబ్బుల డాక్టరు ఉండాలి. కాని 2021-22 నాటి కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం, దేశం మొత్తం మీద పల్లెల్లోని ఈ పెద్ద కేంద్రాలలో ఇలాంటి డాక్టర్లు నూటికి దాదాపు 80 మంది తక్కువగా ఉన్నారు. మన రాష్ట్రం ఉమ్మడిగా ఉన్నప్పుడు పెద్ద ఆసుపత్రులు ఎక్కువగా హైదరాబాదులోనే పెరిగాయి. అది మనకు 500 కిలోమీటర్లకు పైనే. 2014 తరువాత అది వేరే రాష్ట్రం కూడా అయింది. దగ్గరగా ఉన్న వేలూరు, బెంగళూరు కూడా పక్క రాష్ట్రాలవే. భాష వేరు, గది బాడుగ, పోయిన కూలి, అమ్ముకున్న ఆవు, ఇవన్నీ మీ లెక్కలోనే పడతాయి.

వేలూరులో అంత పెద్ద ఆసుపత్రి ఎలా వచ్చింది? ఐడా స్కడర్ అనే అమ్మాయి తిండివనంలో ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పు కష్టమై చనిపోయారు. మగ డాక్టరు చూడడానికి ఇంటివాళ్లు ఒప్పుకోలేదు, ఆడ డాక్టరు లేదు. ఆమె డాక్టరు చదివి వచ్చి, 1900లో ఒక్క మంచంతో వేలూరులో వైద్యం మొదలుపెట్టింది. తరువాత గుడియాత్తం దారిలో చెట్ల కింద ఆగి పల్లెవాళ్లకు మందులిచ్చింది. రోగి ఎక్కడుంటే వైద్యం అక్కడికి పోవాలని ఆమెకు తెలుసు. ఆసుపత్రి తానుగా మొలవదు. ఎవరో ఒకరు పూనుకుంటేనే వస్తుంది.

ఇప్పుడు నా మనసులో ఉండిపోయిన సంగతి ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక రాత్రి, టమోటా తోటకు నీళ్లు కట్టడానికి పోయిన ఒకాయన్ను పాము కరిచింది. ఇంటివాళ్లు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిని దాటుకొని బాడుగ కారులో దూరం బయలుదేరారు. మా దగ్గరికి వచ్చేసరికి కనురెప్పలు వాలిపోయాయి, ఊపిరి అందడం లేదు. ఎంత ప్రయత్నించినా దక్కలేదు. "అక్కడే ఆపి ఉంటే బతికేవాడా?" అని ఆయన భార్య అడిగింది. నేను మాట్లాడలేకపోయాను. అంతకుముందు ఒకసారి వాళ్లు ఆ దగ్గరి ఆసుపత్రికి పోతే డాక్టరు లేడట. అందుకే ఈసారి ఆగలేదు. చూశారా, డాక్టరు లేని రోజు పోయిన నమ్మకం, మందు ఉన్న రోజున కూడా మనిషిని తీసుకుపోతుంది.

అందుకని ఈ మాటలు గుర్తుపెట్టుకోండి.

పాముకాటు, కాన్పులో రక్తం పోవడం, గుండెనొప్పి, ఫిట్స్ వస్తే ముందు 108కు ఫోన్ చేయండి. దగ్గరి ఆసుపత్రిలో మొదటి చికిత్స చేయించుకొని, తరువాత దూరం పోండి. పాము కరిచిన చోట కోయకండి, తాడుతో బిగించి కట్టకండి, ఆ మనిషిని నడిపించకండి. విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

పెద్ద ఆసుపత్రికి పంపితే, ఏ మందు ఏ గంటకు ఇచ్చారో రాసిన చీటీ అడిగి తీసుకోండి. పాత చీటీలన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి.

ఆపరేషను అవసరమైతే, అప్పు చేయకముందే ఆరోగ్యమిత్రను కలవండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకానికి పేర్లు మారినా, ఆ పథకంలో చేరిన ఆసుపత్రిలోనే అది పనికొస్తుంది. పక్క రాష్ట్రానికి పోయేముందు తప్పక అడగండి.

చివరగా, మీ ఊరి కేంద్రంలో డాక్టరు లేకపోయినా, మందు లేకపోయినా ఊరుకోకండి. గ్రామసభలో చెప్పండి, పదిమంది సంతకాలతో అర్జీ రాయండి. అది భిక్షం కాదు, మీకు రావలసినదే.

నాడు ఆ తల్లికి చెప్పలేని జవాబును ఈ రోజు మీకు చెప్పాను. మీ ఊరికి పోయాక మరో ఇంటికి చెప్పండి.