కట్టె కొంటున్నామా, నీళ్లు కొంటున్నామా?

(మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



“గ్యాసు వచ్చాక ఇంకా ఈ కట్టెల గొడవ ఎందుకమ్మా?” అని మీలో కొందరు అనుకోవచ్చు. నిజమే. 1999లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్జ్వల పథకం వచ్చాక గ్యాసు బండ చేరని ఇల్లు తక్కువే. కానీ పెరట్లో నీళ్లపొయ్యి ఆరిందా? ఇంటిల్లిపాదికీ వేణ్ణీళ్లు, గేదెకు ఉలవలు, పండక్కి అరిసెలు చాలా ఇళ్లలో ఇంకా ఆ పొయ్యి మీదే. దానికి కట్టె అయినా ఒకటే, పిడక అయినా ఒకటే. కొబ్బరిచిప్ప, మొక్కజొన్న బెండు, బొగ్గు, ఏది పెట్టినా కాదనదు. కాదనదు కదా అని మనం ఏది పడితే అది కొనవచ్చునా? ఈ సంగతే ఇవాళ చెప్పుకుందాం.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఓ ఏడు శ్రావణమాసంలో ఇంట్లో శుభకార్యానికని అడితి నుంచి క్వింటాలు కట్టెలు తెప్పించాను. చవగ్గా వచ్చాయని సంబరపడ్డాను కూడా. తీరా పొయ్యిలో పెడితే చివళ్ల నుంచి సుయ్యిమంటూ నురగ! మంట లేదు గానీ పొగ మాత్రం కావలసినంత. మా అత్తగారు గొట్టంతో ఊది ఊది, రెండు రోజులు దగ్గుతో మంచం దిగలేదు. అప్పుడు కూర్చుని లెక్క వేసుకున్నాను.

పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీళ్లే ఉంటాయి. బాగా ఎండిన కట్టెలో అయిదో వంతుకు మించవు. అంటే 100 కిలోల పచ్చికట్టె కొంటే మనకు దక్కే కట్టె 50 కిలోలు. ఎండింది కొంటే 80 కిలోలు. కాబట్టి ఎండుకట్టెకు ఒకటిన్నర రెట్లు ధర పెట్టినా లాభం మనదే. పైగా పచ్చికట్టె వేడిలో కొంత ఆ నీళ్లను ఆవిరి చేయడానికే సరిపోతుంది.

అసలు పొగ అంటే ఏమిటనుకున్నారు? కాలవలసింది సరిగా కాలకుండా పైకి పోవడమే. డబ్బిచ్చి కొన్నదే మన కళ్లల్లోకి, ఊపిరితిత్తుల్లోకి పోతోందన్నమాట. ఇళ్లలోని పొయ్యిల పొగ వల్ల వచ్చే జబ్బులతో 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మరి ఎండు కట్టెను పోల్చుకోవడం ఎలా? రెండు ముక్కలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టండి. ఖంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే తడి ఉన్నట్టు. ఎండిన కట్టె చివళ్లు పగుళ్లిచ్చి ఉంటాయి, బెరడు సులువుగా ఊడుతుంది. అనుమానం తీరకపోతే ఒక మొద్దు చీల్పించి, లోపలి భాగం చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే వద్దనండి. మొహమాటపడకండి!

తుమ్మ, సరుగుడు, చింత గట్టి కట్టెలు, నిలిచి కాలతాయి. మునగ, బూరుగ భగ్గున మండి చల్లారిపోతాయి. కందికంప, కొబ్బరిమట్టలు రాజేయడానికి బాగుంటాయి. పాలు కాగడానికి దాలిలో పిడకలను మించినది లేదు, కానీ పిడక తేలిగ్గా, లోపలి దాకా ఎండి ఉండాలి. గన్నేరు కట్టె మాత్రం పొయ్యిలోకి రానివ్వకండి, అది విషం. జీడిపిక్కల తొక్కలు ఊరికే ఇచ్చినా తెచ్చుకోకండి. వాటిలోని జీడినూనె పొగ కళ్లనూ ఒంటినీ మండిస్తుంది. రంగు వేసిన చెక్కలు, ప్లాస్టిక్ సంచులు రాజేయడానికి కూడా పనికిరావు.

బొగ్గు కొనేటప్పుడు బస్తా అడుగు దాకా చెయ్యి పెట్టి చూడండి. పైన పెళ్లలు, అడుగున రజను ఉంటే మోసపోయినట్టే. మంచి బొగ్గు నల్లగా నిగనిగలాడుతూ, విరిస్తే పుటుక్కున విరుగుతుంది. గోధుమరంగు కనిపిస్తే అది సగం కాలిన కట్టె, పొగ పెడుతుంది. మిగిలిన రజనును పేడతో కలిపి ఉండలు చేసి ఎండబెట్టుకుంటే వృథా పోదు.

బొగ్గు దగ్గర ఇంకొక మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం. మా ఎరికలో ఒక బాలింతరాలికి చలి వేస్తుందని గదిలో నిప్పుల కుంపటి పెట్టి తలుపులు, కిటికీలు బిగించారు. కాసేపటికి ఆ పిల్లకు తలపోటు, వాంతి, కళ్లు తిరగడం. ఎవరో వచ్చి తలుపులు బార్లా తీసి, తల్లినీ బిడ్డనూ బయటికి తేబట్టి బతికారు. బొగ్గుకు పొగ కనబడదు, అదే ప్రమాదం. వాసన కూడా లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు వస్తుంది. మూసిన గదిలో కుంపటి పెట్టవద్దు. ఈ ఒక్కటీ గుర్తుంచుకున్నా నా ప్రసంగం ఫలించినట్టే.

పొయ్యి సంగతి కూడా చూడాలి. బొగ్గుకు, చిప్పలకు అడుగు నుంచి గాలి తగలాలి. కాబట్టి కింద ఇనుప జాలీ ఉండాలి, దాని బూడిద ఎప్పటికప్పుడు దులపాలి. కట్టెకు అడుగున కొంచెం బూడిద ఉన్నా ఫరవాలేదు గానీ, పొయ్యి నోరు నిండా కట్టెలు కుక్కకూడదు. మణికట్టంత లావుకు చీల్చినవి రెండు మూడు చాలు. పొగగొట్టం ఉంటే మరీ మంచిది. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజుగారు పొగలేని పొయ్యి తయారుచేసింది 1950లలోనే!

చివరగా, కట్టెలు కొనడానికి అదను వేసవి. రోహిణీకార్తె ఎండలు వృథా పోనివ్వకండి. నేలకు ఆనకుండా కింద రాళ్లో దుంగలో వేసి, గాలి ఆడేట్టు పేర్చి, పైన మాత్రమే కప్పండి. పక్కలు మూసేస్తే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. తీసేటప్పుడు తేళ్లుంటాయి, కర్రతో తట్టి మరీ తీయండి.

ఈసారి అడితికి వెళ్లినప్పుడు ధర అడిగే ముందు రెండు కట్టెలు చేతిలోకి తీసుకుని కొట్టి చూస్తారు కదూ?