భోగి మంట బయటే ఉండాలి

(మిషిగన్‌లో మా ఊరి తెలుగువారి సంక్రాంతి వేడుకల్లో చేసిన ప్రసంగ పాఠం)

భోజనాలకు ముందు నాకు పది నిమిషాలిచ్చారు. పులిహోర వాసన వస్తుంటే ఎవరి ఉపన్యాసమూ రుచించదని నాకూ తెలుసు. అందుకని క్లుప్తంగానే చెబుతాను.

ఇందాక చలికి వణుకుతూనే పార్కింగ్ లాట్‌లో భోగి మంట వేసుకున్నాం. ఆ పొగ ఆకాశంలోకి పోయింది. మరి చలికాలంలో తలుపులన్నీ బిగించుకున్న మన ఇళ్ళల్లో పొగ ఎక్కడికి పోతోంది? ఈ రోజు నా ప్రశ్న అదే.

నేను వృత్తిరీత్యా మెకానికల్ ఇంజనీరుని. ఇళ్ళకి వేడిగాలి అందించే యంత్రాలతోనే ముప్ఫై ఏళ్ళు గడిపాను. అలాంటి నేను చేసిన తప్పు ఒకటి ముందుగా ఒప్పుకోవాలి.

2013 డిసెంబరులో ఐస్ స్టార్మ్ వచ్చి ఇక్కడ లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా ఫర్నేస్ గ్యాస్‌దే అయినా దాని ఫ్యాన్‌కి కరెంటు కావాలి కదా! రెండో రోజు సాయంత్రానికి ఇంట్లోనే ఊపిరి ఆవిరిలా కనబడసాగింది. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. "ఒరే అబ్బాయ్, వెనకాల ఆ బొగ్గుల పొయ్యి ఉందిగా, లోపలికి తెచ్చుకోకూడదుట్రా? మనింట్లో కుంపటి పెట్టుకోలేదూ?" అంది. నాకూ సబబుగానే తోచింది. బార్బెక్యూని గరాజ్‌లోకి లాగి, గరాజ్ తలుపు ఒక అడుగు ఎత్తి ఉంచి, వెచ్చదనం కోసం ఇంట్లోకి వచ్చే తలుపు తెరిచాను.

అందరం వేడివేడిగా కాఫీలు తాగాం. గంట తిరిగేసరికి మా అమ్మాయి తలనొప్పంది. అమ్మకి కళ్ళు తిరిగాయి, వాంతయింది. చలివల్లా, వయసువల్లా అనుకున్నాను. ఇంతలో పక్కింటావిడ, మేమెలా ఉన్నామో చూద్దామని వచ్చి, గరాజ్‌లో బొగ్గులు చూసి గట్టిగా కేకపెట్టి మమ్మల్నందర్నీ బయట మంచులోకి తీసుకుపోయింది. ఆ రాత్రి అమ్మ ఆస్పత్రిలో ఆక్సిజన్ మాస్క్‌తో గడిపింది. దేవుడి దయవల్ల కోలుకుంది. ఆవిడ ఇంకాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి నాకిప్పటికీ ధైర్యం చాలదు.

మరి అలారం ఏమైంది అంటారా? పోపు వేసినప్పుడల్లా గోల పెడుతోందని బ్యాటరీ పీకి సొరుగులో పడేసింది నేనే. అలా చేసినవాళ్ళని చేతులెత్తమని అడగను. కొందరి నవ్వులే చెబుతున్నాయి.

అమ్మ అన్నదాంట్లో తప్పు లేదు. తెనాలిలో మాది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి, అద్దాలు లేని కిటికీల్లోంచి గాలి వస్తూ పోతూ ఉండేది. ఇక్కడి ఇల్లు వేడి పోకుండా మూత బిగించిన డబ్బా లాంటిది. బొగ్గు కాలినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. 2006 డిసెంబరులో సియాటిల్ ప్రాంతంలో తుఫాను గాలులకి కరెంటు పోయినప్పుడు, ఇలాగే ఇళ్ళల్లో బొగ్గులు, జనరేటర్లు వాడి ఎంతోమంది ఆస్పత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. వాళ్ళలో చాలామంది మనలాగే వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చినప్పుడూ ఇదే కథ.

కాబట్టి బొగ్గులు గానీ, జనరేటర్ గానీ ఇంట్లోనూ వద్దు, గరాజ్‌లోనూ వద్దు. తలుపు ఎత్తి ఉంచినా సరే. పొద్దున్నే కారు వేడెక్కించాలన్నా బయటికి తీశాకే. ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా అలారం ఉండాలి. వెనక్కి తిప్పి తేదీ చూడండి, వాటికీ ఆయుష్షు ఉంటుంది.

ఇక వంటిల్లు. గ్యాస్ మంట వల్ల నైట్రోజన్ డయాక్సైడ్ పుడుతుంది. అది ఆస్తమా ఉన్న పిల్లలకి పడదు. దానికి మన పోపులు, వేపుళ్ళ పొగ తోడు. చాలా ఇళ్ళల్లో స్టవ్ పైన మైక్రోవేవ్‌కి ఉండే ఫ్యాన్ పొగని బయటికి పంపదు, జాలీ గుండా లాగి మళ్ళీ మన మొహానే ఊదుతుంది. ఫ్యాన్ వేసి, పైనున్న జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. గాలి తగిలితే మీదీ అంతే. వీలైతే బయటికి గొట్టం పెట్టించండి. లేదంటే వెనక బర్నర్ మీద వండుతూ కిటికీ కాస్త తెరవండి. క్లాజెట్‌లో పూజామందిరం పెట్టుకున్నవారు అగరొత్తులు, సాంబ్రాణి వెలిగించినప్పుడు తలుపు బార్లా తీయండి. దేవుడికీ గాలాడాలి కదా!

మూడోది బేస్‌మెంట్. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే చాలామందిమి వాళ్ళ గది అక్కడే ఏర్పాటు చేస్తాం. నేలలోంచి రేడాన్ అనే వాయువు చేరేదీ ముందు అక్కడికే. దీనికీ వాసన లేదు. సిగరెట్ తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఇదే పెద్ద కారణమని, దీనివల్ల అమెరికాలో ఏటా సుమారు 21,000 మంది చనిపోతున్నారని ఇ.పి.ఎ. అంచనా. హార్డ్‌వేర్ షాపులో చవకగా పరీక్ష కిట్ దొరుకుతుంది. ఇల్లు మూసి ఉండే చలికాలమే పరీక్షకి అనువైన సమయం. లీటరుకి 4 పికోక్యూరీలు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే, నేల కిందనుంచి పైకప్పు మీదికి గొట్టమూ ఫ్యానూ పెట్టించాలి. మందు ఉన్న జబ్బే ఇది.

తేమ సంగతి ఒక్క మాట. 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. ముక్కు ఎండిపోతోందని హ్యుమిడిఫయర్ అదేపనిగా నడిపితే కిటికీలు చెమర్చి బూజు పడుతుంది. ఫర్నేస్ ఫిల్టర్ మార్చడం మరవకండి. రోజుకోసారి ఐదు నిమిషాలు ఎదురెదురు కిటికీలు తెరవండి. గాలి మారుతుంది, గోడల వెచ్చదనం ఎక్కడికీ పోదు.

ఈ రాత్రి ఇంటికెళ్ళి బూట్లు విప్పగానే అలారం మీద బటన్ నొక్కండి. మోగకపోతే రేపే కొత్తది కొనండి. మా అమ్మ ఇప్పుడు తెనాలిలోనే ఉంటోంది. చలికాలం వస్తే చాలు, ఫోన్లో మొదటి ప్రశ్న, "అబ్బాయ్, ఆ గంట మోగుతోందా?" అనే. మిమ్మల్నీ అదే అడుగుతూ, పులిహోరకి దారి ఇస్తూ సెలవు తీసుకుంటున్నాను.