సిలోయము గోపురము, దివిసీమ ఉప్పెన

ఈ వారము ధ్యానమునకు లూకా సువార్త 13వ అధ్యాయము, మొదటి ఐదు వచనములు తీయండి. బైబిలు దగ్గర లేనివారు తరువాత చదువుకోవచ్చు, సంగతి నేను చెప్తాను.

యెరూషలేములో సిలోయము అనే చోట ఒక గోపురము కూలిపోయింది. దాని క్రింద 18 మంది చనిపోయారు. అది ఎందుకు కూలిందో, ఎవరు కట్టించారో లేఖనము చెప్పలేదు. కాని ఊరిలో జనము ఏమి గుసగుసలాడుకొనుచున్నారో ప్రభువుకు తెలుసు. "వాళ్ళు ఏ పాపము చేశారో, అందుకే ఇలా అయింది" అనే మాట ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది. ఆ 18 మంది యెరూషలేములోని మిగతా అందరికంటె ఎక్కువ అపరాధులా అని ఆయనే అడిగి, కారు అని ఆయనే జవాబు చెప్పాడు. ఆ తరువాత చచ్చినవారిని గూర్చి ఒక్క మాటయినా మాట్లాడలేదు. వింటున్నవారి వైపు తిరిగి, మీరు మారుమనస్సు పొందండి అన్నాడు.

మన ప్రాంతములో ఈ ప్రశ్న పుస్తకములో ఉన్న ప్రశ్న కాదు. చల్లపల్లి నుండి మోపిదేవి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక వైపుకో, కోడూరు వైపుకో వెళ్ళి, అరవై ఏళ్ళు దాటినవారిని ఎవరినైనా 1977వ సంవత్సరము గురించి అడిగి చూడండి. నవంబరు 19, శనివారము. ఆ రోజు తుఫాను తీరము దాటుచుండగా సముద్రము దివిసీమ మీదికి వచ్చింది. తాడిచెట్టంత అల అని పెద్దలు చెప్తారు, 5, 6 మీటర్ల ఎత్తు అని లెక్కలు వేసినవారు చెప్పారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్ళలో కుటుంబాలకు కుటుంబాలే మిగలలేదు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే చనిపోయినవారు దాదాపు పదివేలమంది. అంతకంటె చాలా ఎక్కువ అని ఆ ప్రాంతమువారు నేటికీ అంటారు. కూలికి వచ్చి గుడిసెలలో ఉన్నవారి పేర్లు ఏ కాగితము మీద ఉంటాయి?

శ్రోతలారా, ఆ పదివేలమంది మనకంటె పాపులా? ఉప్పెన మోపిదేవి గుడి చూసి ఆగలేదు, మన మందిరము చూసి ఆగలేదు, మసీదు చూసి ఆగలేదు. పల్లము చూసి వచ్చింది. ఎత్తయిన చోట పక్కా ఇల్లు ఉన్నవాడు బ్రతికాడు, సముద్రపు ఒడ్డున తాటాకు పాకలో ఉన్నవాడు కొట్టుకుపోయాడు. దీనిని దేవుని తీర్పు అని తేలికగా అనేవారు, దేవుడు బీదవారి మీదనే కోపముగా ఉన్నాడని చెప్పినట్లే అవుతుంది. మన బైబిలులో ఉన్న దేవుడు ఆయన కాడు.

అప్పుడు సమాజము ఏమి చేసింది? చాలా చేసింది, చెప్పుకోవాలి. అవనిగడ్డ శాసనసభ్యుడు, అప్పటి రాష్ట్రమంత్రి మండలి వెంకట కృష్ణారావుగారు దివిసీమను మళ్ళీ నిలబెట్టే పనిలో మునిగిపోయారు. సినిమావారు ఎన్.టి. రామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. మదర్ థెరిసా వచ్చారు. మన సంఘములు కలిసి నడిపే కాసా వంటి సంస్థలు వచ్చాయి. అన్నము పొట్లాలు, బట్టలు, మందులు దేశము నలుమూలల నుండి వచ్చాయి.

కాని నేను ఈ రోజు మీ ముందు ఉంచాలనుకున్నది ఆ తరువాతి సంగతి. పదమూడేళ్ళు కాకముందే, 1990 మే నెల 9వ తేదీన మరొక తీవ్రమైన తుఫాను కృష్ణా నది సముద్రములో కలిసే చోటికి దగ్గరలోనే తీరము దాటింది. గాలి విషయములో అది 1977 తుఫానుకు తీసిపోయేది కాదు. చనిపోయినవారు వెయ్యిమందికి లోపు. అదీ తక్కువ దుఃఖము కాదు, ఒక్క ప్రాణమైనా ప్రాణమే. అయినా పదివేలు ఎక్కడ, వెయ్యిలోపు ఎక్కడ? సముద్రము మారలేదు. మారినది మనుష్యులు చేసిన ఏర్పాటు. ముందుగానే హెచ్చరిక ఇచ్చారు, లక్షకు మించిన జనాన్ని లారీలలో, బస్సులలో తరలించారు, పారిపోయి తలదాచుకోవడానికి తుఫాను షెల్టర్లు ఉన్నాయి. 1977లో అన్నము పొట్లము పంచినవాడు ధన్యుడే. ఆ తరువాత ఎండలో నిలబడి షెల్టరుకు కాంక్రీటు పోయించినవాడిని మాత్రము ఎవరూ సన్మానించలేదు. వాడి వలన బ్రతికినవారికి వాడి పేరు కూడా తెలియదు.

ఇక్కడ కొందరు విశ్వాసులు ఒక మాట అంటారు. "మాకు దేవుడున్నాడు పాస్టరుగారూ, మేము షెల్టరుకు రాము, ప్రార్థన చేసుకుంటాము." తుఫాను సమయములో తహసీల్దారుగారి మనుషులు వచ్చి బ్రతిమాలినా కదలని ఇళ్ళు ఉంటాయి. అమ్మా, అయ్యా, అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదవండి. అది తుఫాను అధ్యాయము. బయలుదేరవద్దు అని పౌలు ముందే హెచ్చరించాడు. శతాధిపతి ఆ ఖైదీ మాట కంటె ఓడ యజమాని మాటనే నమ్మాడు. ఓడ తుఫానులో చిక్కుకున్నది. ఓడలో 276 మంది ఉన్నారు. ఎవరి ప్రాణమునకు హాని రాదని దేవదూత పౌలుకు మాట ఇచ్చాడు. వాగ్దానము చేతిలో ఉన్నది గదా, ఇక పౌలు చేతులు కట్టుకొని కూర్చున్నాడా? లేదు. నావికులు చిన్న పడవ దింపుకొని దొంగచాటుగా పారిపోబోతే, వీళ్ళు ఓడలో లేకపోతే మీరు తప్పించుకోలేరు అని సైనికులతో చెప్పాడు. అందరిచేత అన్నము తినిపించాడు. వాగ్దానమును నమ్మినవాడే జాగ్రత్త చెప్పాడు. ఈ రెంటికీ తగవు పెట్టినది మనము, వాక్యము కాదు.

ఈ మధ్య కాలములోనికి వద్దాము. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు విజయవాడను ముంచింది. గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. సింగ్ నగర్, పాయకాపురము, వాంబే కాలనీ నీళ్ళలో ఉన్నాయి. అదే సమయములో కృష్ణానది కూడా పొంగింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, అంత వరద ఆ బ్యారేజీ ఎన్నడూ చూడలేదు. డాబాల మీద పసిబిడ్డలకు పాలు లేవు, త్రాగునీరు లేదు. డ్రోన్లతో ఆహారము పంపవలసి వచ్చింది. సైన్యము వచ్చి చేయి వేస్తే గండ్లు పూడ్చడానికి వారము పట్టింది. నడుములోతు నీళ్ళలో పులిహోర పొట్లాలు నెత్తిన పెట్టుకొని వెళ్ళిన యౌవనస్థులు ఉన్నారు, పడవ ఎక్కించుకోవడానికి వేలకు వేలు అడిగినవారూ ఉన్నారు. అదే వీధి, అదే నీళ్ళు. ఆపద మనిషిని మార్చదు, లోపల ఉన్నదానిని బయటికి తీస్తుంది.

నీళ్ళు తీసిన తరువాత మరొక కష్టము మొదలవుతుంది. ఫొటోలు తీసేవారు వెళ్ళిపోతారు. ఆటో ఇంజనులోకి నీళ్ళు వెళ్ళినవాడికి ఫైనాన్సు వాయిదా ఆగదు. కుట్టుమిషను పాడైన అక్కకు పెళ్ళిళ్ళ సీజను ఆగదు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికైతే తీయడానికి ఏ నీళ్ళూ లేవు. అట్టి ఇంటికి మనము వెళ్ళి ఏమి మాట్లాడుతున్నాము? యోబు స్నేహితులు ముగ్గురూ ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో కూడ నేలమీద కూర్చున్నారు, ఒక్క మాట పలుకలేదు. వాళ్ళు చేసిన మంచిపని అదే. నోరు తెరచిన తరువాత చెడగొట్టుకున్నారు. "దేవుడు ఏదో నేర్పుతున్నాడమ్మా", "మీ ఇంట్లో ఏదో లోపముంది, ఉపవాసము చేయండి" అనే మాటలు పరామర్శకు వెళ్ళి అనవద్దని మిమ్మును బ్రతిమాలుచున్నాను. బియ్యము తీసుకొని వెళ్ళండి. వాయిదా కట్టవలసిన తేదీ అడగండి. ఊరకే కూర్చోండి.

ధర్మశాస్త్రములో మనము చదివి దాటిపోయే రెండు చిన్న ఆజ్ఞలు ఉన్నాయి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో, క్రొత్త ఇల్లు కట్టుకొన్నవాడు డాబాకు పిట్టగోడ కట్టాలి, ఎవడైనా పడి చస్తే ఆ రక్తము ఇంటివాని మీదికి వస్తుంది అని ఉన్నది. నిర్గమకాండము 21వ అధ్యాయములో, గొయ్యి త్రవ్వి మూతవేయనివాడు అందులో పడిన ఎద్దుకైనా గాడిదకైనా సొమ్ము చెల్లించాలి అని ఉన్నది. సీనాయి పర్వతము మీద ఉరుములలో మాట్లాడిన దేవుడు పిట్టగోడ గురించి, గొయ్యి మూత గురించి కూడా మాట్లాడాడు!

ఇప్పుడు మన మందిరముల సంగతి చూడండి. కాలువలో బాప్తిస్మము ఇచ్చేటప్పుడు నీరు ఎంత వడిగా ఉన్నదో, లోతు ఎంతో ముందుగా దిగి చూసినవారు ఉన్నారా? ఈత వచ్చిన ఇద్దరిని, ఒక త్రాడును దగ్గర ఉంచుచున్నారా? సెలవుల బైబిలు పాఠశాలకు ఒక్క ఆటోలో ఎంతమంది పిల్లలను ఎక్కించుచున్నాము? క్రిస్మసు నక్షత్రమునకు కరెంటు లాగిన వైరుకు ఎన్ని అతుకులు ఉన్నాయి? మందిరము డాబామీద పిట్టగోడ పూర్తికాకుండానే ప్రేమవిందు పెట్టిన సంఘములు ఉన్నాయి, డబ్బులు మైకుసెట్టుకు అయిపోయాయట. ఇవి ఆత్మీయ సంగతులు కావు అని ఎవరైనా అంటే, వారు ఆ వచనము మోషేతో మాట్లాడుకోవలసినదే.

మన చల్లపల్లిలోనే మన కన్నుల ముందు జరిగిన ఒక పని చెప్తాను. 2014 నవంబరు 12న డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్‌గారు, డాక్టర్ పద్మావతిగారు మరికొందరితో కలిసి స్వచ్ఛ చల్లపల్లి అని మొదలుపెట్టారు. తెల్లవారకముందే లేచి చీపుర్లు, పారలు పట్టుకొని రోడ్లు ఊడ్చారు, మురుగు తీశారు, మొక్కలు నాటారు. ఒక్కరోజు ఫొటోకు కాదు, సంవత్సరముల తరబడి. రోడ్డు ప్రక్కన ఆరుబయట మలవిసర్జన వలన వచ్చే రోగములు, ఆడపిల్లలకు అవమానము, వానాకాలములో దోమలు, ఇవన్నీ వైద్యులకు తెలుసు. మందులు వ్రాసి ఊరుకోలేదు. ఏ మతము పేరునా ఆ పని మొదలుకాలేదు. యెరికో త్రోవలో గాయపడినవానిని దాటిపోయినది యాజకుడు, లేవీయుడు. ఆగినవాడు సమరయుడు. ఆ ఉపమానము విని మనము ఎప్పుడూ సమరయుని స్థానములోనే కూర్చుంటాము. మన వీధిలో చీపురు పట్టుకున్నవారిని మనము ఆదివారపు తెల్లబట్టలతో ప్రక్కగా దాటి మందిరమునకు వెళ్ళిన ఉదయములు ఉంటే, ఆ కథలో మన స్థానము ఏదో ఒకసారి మళ్ళీ చదవండి.

వచ్చే ఆదివారము ఆరాధన అయిన తరువాత సంఘపెద్దలు ఒక పావుగంట ఆగండి. మందిరము చుట్టూ నడవండి. వైరు, మెట్లు, డాబా, నీళ్ళ తొట్టి, వీధిలోని మురుగుకాలువ మూత చూడండి. లంకలో, కరకట్ట మీద ఉండే కుటుంబముల పేర్లు, ఫోను నంబర్లు ఒక పుస్తకములో వ్రాయండి. నడవలేని ముసలివారు ఏ ఇంటిలో ఉన్నారో వ్రాయండి. తుఫాను వార్త వచ్చినప్పుడు వారిని ఎవరి బండిమీద షెల్టరుకు తేవాలో ఇప్పుడే అనుకోండి.

ప్రార్థన చేసికొందము. పరలోకమందున్న మా తండ్రీ, దివిసీమలో ఆ రాత్రి తల్లిదండ్రులను పోగొట్టుకొని నేడు ముసలివారైన పిల్లలను జ్ఞాపకము చేసికొనుము. బుడమేరు నీళ్ళలో సామాను పోయి ఇంకా అప్పు కట్టుచున్న ఇళ్ళను దర్శించుము. ఈ రాత్రి సముద్రము మీద వేటకు వెళ్ళినవారిని క్షేమముగా ఒడ్డుకు చేర్చుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.