క్రిస్మస్ ముందు రాత్రి: రెండు వంటిళ్ళ విజ్ఞానం



ఈనాటి మన పాఠం ప్రయోగశాలలో కాదు, వంటింట్లో మొదలవుతుంది. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో పోలండ్ నుంచి, ఇటలీ నుంచి లక్షలమంది అమెరికాకు వలస వెళ్ళారు. చికాగో, బఫెలో వంటి నగరాల్లో ఇరుగుపొరుగు పేటల్లో స్థిరపడ్డారు. ఎక్కువమంది కేథలిక్కులే కావడంతో ఒకే చర్చిలో కలుసుకున్నారు, వియ్యమందారు. అలాంటి ఒక ఇంట్లో డిసెంబరు 24 రాత్రి భోజనానికి మనం కూర్చున్నామనుకోండి.

ఆ రాత్రిని పోలిష్ భాషలో విగీలియా అంటారు, ఇటాలియన్‌లో విజీలియా అంటారు. రెండూ 'మెలకువ' అనే అర్థమున్న ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయి. మన జాగరణ వంటి మాట అన్నమాట. ఆ రాత్రి మాంసం ముట్టరు. చేప మాత్రం తినవచ్చు. కార్తీకమాసంలో నీచు మానేసేవారు చేపను కూడా మానేస్తారు కదా, అక్కడి లెక్క వేరు. 1983 నాటి చర్చి ధర్మశాస్త్రంలో ఈ రోజుకు మాంస నిషేధం తప్పనిసరి కాదు. అయినా చాలా ఇళ్ళు పాత పద్ధతినే పాటిస్తున్నాయి.

ఇప్పుడు సమస్య చూడండి. మాంసం కూడదు. పోలండ్‌లో బయట మంచు, పొలంలో పచ్చి ఆకు ఉండదు. అయినా పండుగ భోజనం కావాలి. ఎండబెట్టినవి, ఉప్పులో ఊరేసినవి, పులియబెట్టినవి, చెరువులో బతికున్నవి, ఇవే దిక్కు. ఉపవాసపు తిండే విందుగా మారిన కథ ఇది.

పోలిష్ ఇంట్లో ఆకాశాన తొలి చుక్క కనిపించాకే భోజనం. ముందుగా ఒప్వాటెక్ అనే పల్చని గోధుమ అప్పాన్ని ఒకరితో ఒకరు విరిచి పంచుకుంటారు. అనుకోని అతిథి కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతారు. తరువాత ఎర్రని బీట్‌రూట్ చారు, బర్ష్చ్, వస్తుంది. అందులో ఎండు పుట్టగొడుగులు కూరిన చిన్న చిన్న పిండి ముడుపులు తేలుతుంటాయి. వాటి పేరుకు అర్థం 'చిన్న చెవులు'.

ఆ చారులో చింతపండు ఉండదు. పులుపు ఎక్కడిది? బీట్‌రూట్ ముక్కలు, వెల్లుల్లి, ఉప్పునీరు జాడీలో వేసి దాదాపు వారం రోజులు వదిలేస్తారు. లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా దుంపలోని చక్కెరను తిని ఆమ్లాన్ని ఇస్తుంది. మన ఇడ్లీ పిండిలో రాత్రంతా జరిగేదీ ఇటువంటి కిణ్వనమే. ఆమ్లంలో బీట్‌రూట్ రంగు ఎర్రగా నిలుస్తుంది, గాఢ క్షారంలో పసుపుపచ్చగా మారుతుంది. కొంచెం బీట్‌రూట్ రసంలో సున్నపు తేట కలిపి చూడండి. చూశాక పారబోయండి, తాగకండి!

తరువాత కార్ప్ చేప. గోదావరి జిల్లాల వారికి ఇది కొత్త కాదు, బంగారు తీగ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పోలండ్‌లో సముద్రపు చేప కరువైనప్పుడు చెరువుల్లో పెంచే ఈ చేపే ఇంటింటి పండుగ వంట అయింది. ప్రాణంతో కొని తెచ్చి స్నానాల తొట్టిలో వదిలేవారు. పిల్లలు దానికి పేరు పెట్టుకుని, తీరా పండుగ రోజున ఏడ్చేవారు. తొట్టిలో ఉంచితే మట్టి వాసన పోతుందని పెద్దల మాట. ఆ వాసనకు ముఖ్య కారణం జియోస్మిన్ అనే పదార్థం. చెరువులోని కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. తొలకరి జల్లుకు నేల నుంచి లేచే కమ్మని వాసనలో ఉండేదీ అదే! లీటరు నీటిలో కొన్ని నానోగ్రాములున్నా మన ముక్కు పసిగడుతుంది. నానోగ్రాము అంటే గ్రాములో నూరు కోట్లవ వంతు. మంచినీటిలో చేప దాన్ని వదులుతుంది కాని, ఒకటి రెండు రోజులు చాలవు. కాబట్టి పెద్దల మాట కొంతే నిజం. నిమ్మరసం పట్టించడమే మెరుగు, ఎందుకంటే ఆమ్లంలో జియోస్మిన్ విచ్ఛిన్నమవుతుంది. చేపల పులుసు పెట్టే మన అమ్మమ్మలు ఈ సంగతి పాఠం చదవకుండానే కనిపెట్టారు.

ఇటాలియన్ వైపు బక్కలా, అంటే ఉప్పులో ఊరేసిన కాడ్ చేప. ఈ చేప ఇటలీ సముద్రాల్లో దొరకదు, ఉత్తర అట్లాంటిక్ నుంచి రావాలి. ఉప్పు వేయకుండా చలిగాలికి ఆరబెట్టిన కాడ్ సంగతి వెనిస్ వర్తకుడు పియెత్రో క్వెరీనికి 1432లో నార్వే దీవుల్లో తెలిసింది, ఓడ మునిగి అక్కడికి చేరినందువల్ల. బక్కలాను వండే ముందు రెండు మూడు రోజులు నానబెట్టి, నీళ్ళు మళ్ళీ మళ్ళీ మార్చాలి. ఒకే నీటిలో వారం ఉంచినా లాభం లేదు. లోపలి ఉప్పు, బయటి ఉప్పు గాఢత సమానమైతే వ్యాపనం వల్ల ఇక తగ్గేదేమీ ఉండదు. నేను తరగతిలో ఏళ్ళ తరబడి వ్యాపనానికి సిరా చుక్కే చూపించాను. ఉప్పు చేప చూపించి ఉంటే పిల్లలకు ఇంకా బాగా గుర్తుండేది, కాకపోతే పక్క తరగతివాళ్ళు ఒప్పుకోరు.

పోలిష్ లెక్క పన్నెండు వంటలు. అమెరికా ఇటాలియన్ల లెక్క ఏడు చేపలు. మరి కలిసిన ఇంట్లో పంతొమ్మిదా? అక్కర్లేదు, ఏడూ పన్నెండులో ఇమిడిపోవచ్చు. సమితుల పాఠం గుర్తుందిగా!

చివర వచ్చే మిలాన్ తీపి రొట్టె పానెత్తోనె ఇప్పుడు దుకాణంలో దొరుకుతుంది. ఒప్వాటెక్ టపాలో వస్తుంది. కాని బీట్‌రూట్ జాడీని వారం ముందు, చేపను మూడు రోజుల ముందు ఎవరో ఒకరు ఇంట్లో మొదలుపెట్టాలి. ఉప్పు ఎంత అని అడిగితే ముసలమ్మ చెప్పే జవాబు ఏ దేశంలోనైనా ఒకటే: "తగినంత." ఉప్పు తగ్గితే జాడీ బూజు పడుతుంది, మితిమీరితే పులవదు. ఆ 'తగినంత' ఎంతో రాసుకోకుండానే పెద్దవాళ్ళను పోగొట్టుకున్న ఇళ్ళలో చారు పులుపు ఇప్పుడు నిమ్మరసం సీసాలోంచి వస్తోంది.

ఈ వేసవిలో మీ ఇంట్లో ఆవకాయ పెట్టేటప్పుడు ఒక త్రాసు దగ్గర పెట్టుకోండి. అమ్మమ్మ ఉప్పు వేసే ప్రతి గుప్పెడునూ ముందు తూచండి. మూడుసార్లు తూచి సగటు కట్టి, తేదీతో సహా నోటుబుక్కులో రాయండి.