మన కుంటకి మనమే కాపలా
(మంచినీళ్ళ కమిటీ సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగం)



నేను బడిపంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. అంతకుముందు ఊరి బావి దగ్గర మా అమ్మ పక్కన బిందె పట్టుకుని నిలబడ్డవాణ్ణి. ఎవరో ఒకరు చేది పోస్తేనే మాకు నీళ్ళు. ఎవరూ పొయ్యని రోజు కుంట నీళ్ళే గతి.

నీళ్ళ కోసం కొట్లాట మనకి కొత్త కాదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లో మనవాళ్ళని వెంటేసుకుని చౌదార్ చెరువుకి నడిచాడు, దోసిలితో నీళ్ళు తాగాడు. పశువులు తాగితే లేని మైల మనిషి తాగితే వచ్చిందని చెరువుని శుద్ధి చేసుకున్నారు అగ్రకులాలవాళ్ళు. కోర్టు గొడవ తేలి బొంబాయి హైకోర్టు మన పక్షాన తీర్పు చెప్పేసరికి 1937 అయింది. కారంచేడులో 1985 జూలైలో మాదిగలు తాగే చెరువు నీళ్ళని గేదెల కుడితితో పాడుచేస్తుంటే వద్దన్నారు. సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాటి దాడిలో ఆరుగురి ప్రాణాలు పోయాయి.

ఇక మన సంగతి. గుట్ట మీద పడ్డ వాన వాగులో దిగి, కుంటలో నిలిచి, భూమిలో ఇంకితేనే మన చేతిపంపుకి ఊట. వాటర్‌షెడ్ పనులప్పుడు గుట్ట మీద కందకాలు తవ్విందెవరు? మనం. రాళ్ళకట్టలు కట్టిందెవరు? మనం. ఊరిన నీళ్ళు ఎవరి బోర్లలోకి పోయాయి? భూములున్నోళ్ళ బోర్లలోకి. మనకి దక్కింది కూలి డబ్బులే. ఇప్పుడు వాగుని అడ్డంగా దున్నేశారు. మన పంపు పక్కనే ఇంకో బోరుకి గుర్తు పెట్టారు. ఎండలు ముదరకముందే పంపు గాలి కొడతా ఉంది.

2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం ప్రజల మంచినీటి వనరుకి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా సాగుకి బోరు వెయ్యకూడదు. రేపు టేపు పెట్టి కొలుద్దాం. బిందె నిండటానికి ఎంతసేపు పడుతుందో రోజూ నోటుబుక్కులో రాద్దాం. తహసీల్దారు ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకుందాం. వచ్చే ఆదివారం గడ్డపారలతో వాగు పూడిక తీద్దాం. కుంటలో మనమూ గొడ్లని కడగొద్దు.

"సంతకం పెడితే కూలికి పిలవరు పంతులూ" అని ఒక అక్క అంది. ఆ భయం నిజమే. నాకు నెల తిరిగితే జీతం వస్తుంది, ఆమెకి రాదు. అందుకే ఒక్కళ్ళు పెట్టొద్దు. మాలవాడ, మాదిగవాడ ఇంటికొకరు చొప్పున ఒకే పూట సంతకాలు, వేలిముద్రలు వేద్దాం. అందర్నీ మానిపిస్తే వాళ్ళ పొలంలో నాట్లేసేదెవరు? విడివిడిగా పోతే మాత్రం ముందు ఆ అక్క పొయ్యి ఆరిపోతుంది.

మొదటి సంతకం నాది. కాగితం ఇదిగో.

జై భీం.