మానిన గాయము మరల పెరుగుటయేల?



శరీరమునకు గాయము తగులుట, అది కొన్నాళ్లకు మానుట, మచ్చ మిగులుట లోకములో నిత్యము జరుగునదే. కొడవలి తెగినను, కాగిన నూనె చిట్లినను, కురుపు లేచి మానినను మచ్చ పడును. కాలక్రమమున అది పలుచబడి చర్మములో కలిసిపోవును. కాని కొందరి విషయమున మచ్చ ఊరకుండదు. గట్టిపడి, ఎత్తుగా పొంగి, నున్నగా మెరయుచు, గాయము తగులని చోటికి సైతము ప్రాకును. దురద పెట్టును, నొప్పి కలిగించును. దీనినే వైద్యులు కీలాయిడ్ అందురు.

ఇది అంటువ్యాధి కాదు, క్యాన్సరును కాదు. ఈ రెండు మాటలు ముందుగా చెప్పుట అవసరము. ఏలయన, చెవితమ్మెపై గాని, ఱొమ్ముపై గాని ఇట్టి మచ్చ గలవారు నొప్పికంటె లోకుల చూపులవలననే యెక్కువ కుములుచుందురు. పెండ్లికావలసిన పిల్ల పైటతో మచ్చ కప్పుకొని తిరుగును. చూచినవాడెల్ల ఒక వైద్యము చెప్పును. సున్నము పూయువారు, వాత పెట్టువారు, కోయించుకొమ్మనువారు కలరు. పుండుపై పుండు చేసినచో మచ్చ మునుపటికంటె పెద్దదియగును.

ఈ వ్యాధికి పేరు పెట్టినవాడు ఫ్రాన్సు దేశపు చర్మవైద్యుడు అలిబేర్. అతడు 1806లో దీనిని వర్ణించి, మొదట క్యాన్సరును తలపించు పేరు పెట్టెను. పిమ్మట ఆ భ్రాంతి తొలగుటకై పీత కొండి అను అర్థముగల గ్రీకు పదమునుండి నేటి పేరు కల్పించెను. మచ్చ అంచులనుండి కొండ్లవలె ప్రక్కలకు ప్రాకుటయే ఆ పేరునకు కారణము.

గాయము తగిలినపుడు చర్మములోని కొన్ని కణములు కొల్లాజెన్ అను నారవంటి పదార్థమును నేసి తెగినచోటును అతుకును. పని ముగిసినంతనే అవి శాంతింపవలెను. కీలాయిడ్‌లో అవి శాంతింపవు. ఇల్లు పూర్తియైనను గోడ కట్టుచునే యుండు తాపీవానివలె నారపై నార పేర్చుచుండును. కొన్ని మచ్చలు ఉబ్బినను గాయపు హద్దు దాటక, క్రమముగా తగ్గును. అవి కీలాయిడ్‌లు కావు. హద్దు దాటుటయే దీని గుర్తు. నల్లని చర్మము గలవారిలోను, పది మొదలు ముప్పది ఏండ్ల ప్రాయమువారిలోను ఇది యెక్కువ. ఒకే కుటుంబములో పలువురికి వచ్చుటయు కలదు.

1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరములపై అణుబాంబులు పడిన పిమ్మట, కాలినగాయములు మానిన అనేకులకు ఇట్టి మచ్చలు పొంగెను. 1955లో హిరోషిమానుండి 25 మంది యువతులను చికిత్సకై న్యూయార్కు నగరమునకు తీసికొనిపోయిరి. వారికి మొత్తము 138 శస్త్రచికిత్సలు జరిగెను. ఒక యువతి 1956లో చికిత్సాకాలముననే మరణించెను. మచ్చ అనునది ఎంత బరువైనదో ఈ సంఖ్యలే చెప్పును.

కత్తితో కోసివేసిన సరిపోదా యని యెవరికైనను తోచును. సరిపోదు. కోత సయితము ఒక గాయమే గదా! కోతతోనే సరిపెట్టినవారిలో నూటికి 45 మొదలు 100 మందికి వరకు మచ్చ తిరిగి వచ్చినట్లు వివిధ పరిశీలనలు తెలుపుచున్నవి. కావున కోతకు మరియొక చికిత్స తోడుకావలెను. 1906లోనే ఫ్రాన్సులో ఎక్స్‌రే కిరణములను ప్రయోగించిరి. నేడును పెద్దవారికి, కోత జరిగిన ఒకటి రెండు దినములలో కిరణచికిత్స యిచ్చుట కలదు.

ఎక్కువగా వాడుకలోనున్నది మచ్చలోనికే ట్రయామ్సినలోన్ అను స్టెరాయిడ్ మందును సూదిద్వారా ఎక్కించుట. నాలుగు మొదలు ఆరు వారముల కొకమారు, పలుమారులు ఇత్తురు. పెక్కుమందికి మచ్చ అణగును. కొందరికి తిరిగి పెరుగును. సూది వేసినచోట చర్మము పలుచనగుట, తెల్లబడుట కలదు. దానికి తోడుగా 5-ఫ్లోరోయురాసిల్ అను క్యాన్సరు మందును స్వల్పముగా కలిపి యిచ్చుటయు కలదు. గర్భిణులకు అది తగదు. ద్రవనత్రజనితో మచ్చను గడ్డకట్టించు పద్ధతి మరియొకటి.

సిలికోన్ జెల్ పట్టీల కథ వేరు. 1980 దశాబ్దపు తొలినాళ్లనుండి వీని వాడుక వ్యాపించెను. 2013లో అప్పటివరకు జరిగిన 20 పరీక్షలను, 873 మంది వివరములను పండితులు కలిపి తూచిరి. మేలు కొంత కనబడినను పరీక్షలు బలహీనముగా జరిగినందున గట్టిగా చెప్పజాలమని తేల్చిరి. ఇంతకాలము వాడిన వస్తువును గూర్చి యట్లు నిర్మొగమాటముగా పలుకుటయే శాస్త్రధర్మము.

ఈ పరిశోధన మెల్లగా సాగుటకు ఒక కారణము కలదు. కీలాయిడ్ మనుష్యులకే వచ్చును. ఎలుకలకు, కుందేళ్లకు సహజముగా రాదు. కావున నిర్ణయము రోగుల సమ్మతిపైనను, ఓపికపైనను ఆధారపడియుండును. మచ్చ అణగినంతనే జయమని వ్రాసికొనరాదు. ఏడాది, రెండేండ్లు కనిపెట్టి చూడవలెను. రోగి మధ్యలో రాకపోయినచో పరీక్ష చెడును. వైద్యుడు పిలిచిన దినమునకు వెళ్లిన రోగి తనకే గాక, ఎన్నడును చూడనివారికి సైతము మేలు చేసినవాడగును.

నివారణ విషయమున గ్రామస్థులు గ్రహింపదగినవి కలవు. 2005లో అమెరికాలో ప్రచురింపబడిన యొక చిన్న పరిశీలనలో, 11 ఏండ్లకు లోపల చెవులు కుట్టించుకొన్నవారికంటె తరువాత కుట్టించుకొన్నవారిలో కీలాయిడ్ చాల యెక్కువగా కనబడెను. పరిశీలింపబడినవారు 32 మందియే గనుక దీనినే తుదితీర్పుగా గొనరాదు. అయినను కుటుంబములో ఈ మచ్చ కలిగినవారున్నచో, యుక్తవయస్సున రెండవకుట్టు, మూడవకుట్టు వేయించుకొనుట, పచ్చబొట్టు పొడిపించుకొనుట మానుట మంచిది. ముఖమునను, ఱొమ్మునను లేచు మొటిమలను గిల్లరాదు. శస్త్రచికిత్సకు ముందే తమకు మచ్చ పెరుగు స్వభావము కలదని వైద్యునికి చెప్పవలెను. అయితే ఈ భయముతో పిల్లలకు టీకాలు మాన్పుట మాత్రము కూడదు. మచ్చకంటె క్షయ, ధనుర్వాతములు ఘోరములు.

మచ్చ చిన్నదిగా నున్నపుడే చర్మవైద్యుని చూచినచో చికిత్స సులభము. దాచుకొన్నకొలది అది పెరుగును. ఇట్టివారిని చూచినపుడు “ఏమిది?” యని నలుగురిలో అడుగుట మాని, వైద్యునియొద్దకు దారి చూపుట ఇరుగుపొరుగుల ధర్మము. మందు వైద్యుడియ్యవలెను, ఆ మాత్రపు మర్యాద గ్రామమంతయు ఈయగలదు.